తలుపుకు పెట్టిన బొట్టు

మాది రాయలసీమ అని చెప్పగానే బయటి జిల్లాల వాళ్లు అరడుగు వెనక్కి జరుగుతారు. టీచరు ట్రైనింగుకు పోయినప్పుడు హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి మొదటిరోజే అడిగింది, మీ ఇళ్లల్లో బాంబులుంటాయట కదా అని. ఉంటాయి అన్నాను. అబద్ధం కూడా కాదు. మా మామ మంగంపేట ముగ్గురాయి గనుల్లో ముప్పై ఏళ్లు తూటాలు పెట్టి రాయి పేల్చే పని చేశాడు. ఆయన పేల్చినవన్నీ లైసెన్సుతో, ఎర్రజెండా పాతి, సైరన్ కొట్టించి పేల్చినవే. రాయి తప్ప ఆయన చేతిలో ఇంకేదీ పగల్లేదు. ఇదంతా చెప్పేలోపే ఆ అమ్మాయి వార్డెన్‌ను అడిగి మంచం మార్పించుకుంది.

మామ అంటే నాకు రెండు విధాలా మామే. మా అమ్మకు సొంత తమ్ముడు, మా ఆయనకు తండ్రి. మేనరికంలో ఉన్న సుఖం ఏమిటంటే పెళ్లయ్యాక కొత్తగా ఎవరినీ పరిచయం చేసుకోనక్కర్లేదు. కష్టం ఏమిటంటే పుట్టింటికీ అత్తింటికీ తగాదా వస్తే పోయి ఏడవడానికి మూడో ఇల్లు ఉండదు. నేను ఈ రెండోది కాస్త ఆలస్యంగా తెలుసుకున్నాను.

అత్త నా పెళ్లయిన కొత్తలోనే పోయింది. మామ గని క్వార్టర్సులో ఒంటరిగా ఉండి, రిటైరయ్యాక కర్నూలుకు మా దగ్గరికి వచ్చాడు. వచ్చి ఆరేళ్లు. పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం టీవీ. మా సీమ పేరు చెప్పి తీసే తెలుగు సినిమాలంటే ఆయనకు ఒళ్లు మంట. హింస ఎక్కువని కాదు, పనితనం లేదని.

"సుమో గాల్లో లేసిందంట. ముప్పై ఏండ్లు తూటాలు పెట్టినా, నా కండ్ల ముందర ఒక్క బండి లేయలా. రాయే పైకి లేయదు, పక్కకు పడతాది. వీళ్లకు ఎవురు నేర్పినారో!"

ఒక వేసవి సెలవుల్లో రిమోటు నొక్కుతూ నొక్కుతూ ఆయన ఒక పాత జపాన్ సినిమా దగ్గర ఆగాడు. నలుపు తెలుపు. ఒక మనిషి వసారాలో కూర్చున్నాడు. ఎదురుగా ఇంకో మనిషి కూర్చున్నాడు. ఐదు నిమిషాలు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఎవరైనా అక్కడ ఛానల్ మారుస్తారు. మామ ముందుకు వంగాడు.

"ఎవురుమ్మే వీళ్లు? చెప్పులు బయట ఇడిసినారు, కింద కూసున్నారు, అన్నం తింటాండారు. మనోళ్ల మాదిరే ఉండారే."

"జపానోళ్లు మామా. సమురాయ్‌లని, దొర కోసం కత్తి పట్టేవాళ్లు."

"కింద ఏదో పడతాండాది సూడు. చదువు."

కింద పడుతున్నవి ఇంగ్లీషు అక్షరాలు. నేను ఓర్వకల్లు హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని, రాదని తప్పించుకునే వీలు లేదు. మామ టీవీ శబ్దం పూర్తిగా తగ్గించేశాడు. "వాళ్ల మాట మనకెందుకు, నువ్వు చెప్పు" అని తన కుడిపక్కకు కుర్చీ లాగాడు. ఆ రోజు మొదలు, స్కూలు తెరిచాక కూడా, మా ఆయన పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చే సినిమాలు పెట్టుకుని, బస్సు దిగి ఇంటికొచ్చి టీ పెట్టి ఇచ్చి, ఐదు గంటలకు నేను సమురాయ్‌ల తరఫున మాట్లాడటం మొదలుపెట్టేదాన్ని. ఆరేడు క్లాసులకు అరిచిన గొంతు ఇంటికొచ్చి మళ్లీ అరవాలి. గొణిగితే ఆయన ఒప్పుకోడు.

మొదటి సినిమా నాకు బాగా గుర్తు. ఒక దొరను విందుకు పిలిచి, వాకిలి పక్క చాప మీద కూర్చోబెడతారు. గౌరవం ఉన్నవాణ్ణి లోపలి గోడ వైపు కూర్చోబెట్టాలట. ఆయన కత్తి దూస్తాడు. కోటలో కత్తి దూయడం నేరం కాబట్టి ప్రాణం తీసుకోవలసి వస్తుంది. అక్కడినుంచి ఆయన మనుషుల పగ మొదలు.

మామ చాలాసేపు ఆలోచించాడు. "వాకిలి పక్కనా?"

"ఆ."

"చెప్పుల కాడ?"

"ఇంచుమించు."

"సరే. నరకొచ్చు" అని తీర్పు చెప్పాడు. కోడిని కోస్తుంటే మొహం పక్కకు తిప్పుకునే మనిషి ఆయన.

అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు కత్తులు నచ్చలేదని. నచ్చింది మర్యాద. ఎవరు ముందు వంగాలి, ఎవరు ఎంత వంగాలి, పిలిచేవాడు గుమ్మం బయట నిలబడాలా లోపల నిలబడాలా, ఇవన్నీ పట్టించుకునే జాతి ఇంకొకటి ఈ భూమ్మీద ఉందని తెలిసి ఆయనకు పెద్ద ఊరటగా ఉంది. మా వైపు పెళ్లిళ్లలో వియ్యంకుడి కంచంలో ఓళిగ మీద నెయ్యి ఆలస్యంగా పడిందని మూడేళ్లు మాటలు మానేసిన వాళ్లను నేను ఎరుగుదును. జపాన్‌లో అయితే దాని మీద రెండున్నర గంటల సినిమా తీసేవాళ్లు.

మాటలతో చిక్కొచ్చేది. దొర పట్ల సేవకుడికి ఉండే ఆ గుణాన్ని మొదట విశ్వాసం అని చెప్పాను. మామ చేయి అడ్డం పెట్టాడు. "విశ్వాసం కుక్కకు చెప్పే మాట. మనిషికి ఇంకోటి ఉండల్ల." భక్తి అన్నాను. "వాడేమన్నా దేవుడా?" అన్నాడు. చివరికి ఆయనే చెప్పాడు. గనిలో ఆయనతో పనిచేసిన ఒక ముస్లిం లారీ డ్రైవరు వాడే మాటట, నియ్యత్తు. మనసులో ఒకటి పెట్టుకుని బయట ఇంకొకటి చెప్పకపోవడం. అప్పటినుంచి మా ఇంట్లో సమురాయ్‌లందరూ నియ్యత్తు కోసం చచ్చిపోయారు. ఆ మాటను ఆయన అంత ఇష్టంగా పలకడం చూసి నాకు లోపల మండేది. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి పగ గురించి చెప్పాలి.

తొమ్మిదేళ్ల కిందట మా అమ్మ, నాన్న నందికొట్కూరులో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి సొంత తమ్ముణ్ణి ఫోన్లో పిలిస్తే పిలిచినట్టు కాదు. నాన్న తాపీ పనివాళ్ల దగ్గర ఇరుక్కుపోతే, అమ్మ ఒక్కతే రెండు బస్సులు మారి, పగలంతా ప్రయాణం చేసి మంగంపేటకు పోయింది. తమ్ముడు ఇంట్లో లేడు. మనిషి లేనప్పుడు తలుపుకు బొట్టు పెట్టి, సందులో పత్రిక పెట్టి రావడం మనలో ఉంది. అదీ పిలుపే. అమ్మ అదే చేసి, వెనక్కి బస్సెక్కింది.

మామ అది పిలుపు కాదన్నాడు. "నేను డ్యూటీలో ఉంటే సాయంత్రం దాకా ఆగేకి కాలేదా? మా యక్క తలుపును పిలిచింది. తలుపే పోతాది" అన్నాడు.

తలుపు పోలేదు. గృహప్రవేశం రోజు అమ్మ పుట్టింటి చీర కోసం ముహూర్తం దాటేదాకా వీధి వైపు చూస్తూ కూర్చుంది. వచ్చిన చుట్టాలందరూ ఒకరి తర్వాత ఒకరు, తమ్ముడు రాలేదా అని అడిగారు. అందరికీ తెలిసిన జవాబును అందరూ అడగడం మా వాళ్లకు ఒక పద్ధతి. ఆ సాయంత్రం అమ్మ ఒట్టు పెట్టుకుంది, వాడుండే గడప తొక్కనని. అప్పటికి ఆ ఒట్టుతో నాకు ఇబ్బంది లేదు. ఆయన గడప మంగంపేటలో ఉంది, నాది కర్నూల్లో. మూడేళ్ల తర్వాత ఆయన పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన గడపా నా గడపా ఒకటైపోయాయి.

సినిమావాళ్లకు చెబితే నమ్మరు. సీమలో పగ అంటే ఇదీ. ఎవరూ ఎవర్నీ తరమరు. ఎవరి ఇంటికి ఎవరూ పోరు, అంతే. చుట్టాల్లో చాలామంది మామ పక్షమే. అంత దూరం పోయిన ఆడమనిషి ఇంకో రెండు గంటలు ఆగి ఉండాల్సింది అన్నారు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. తప్పు తనదే అన్నట్టు ఊరుకునేది. అది కూడా నాకు కోపమే.

ఆరేళ్లుగా మా అమ్మ నా ఇంటికి రాలేదు. ఆదివారాలు నేనే బస్సెక్కి పోయేదాన్ని. నా వంటింట్లో పోపుల డబ్బా ఏ అరలో ఉంటుందో మా అమ్మకు తెలియదు. నాకు జ్వరమొస్తే ఫోన్లో కషాయం చెబుతుంది. చెప్పుకుంటే చిన్న విషయమే. నాకు కాదు. పక్కింటావిడ తల్లి వచ్చి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నేను తలుపేసుకునేదాన్ని.

అందుకే మోసం మొదలుపెట్టాను.

ఆయనకు ఇంగ్లీషు రాదు. జపాన్ భాష మాకిద్దరికీ రాదు. మధ్యలో ఉన్నది నేను. ఇంత అధికారం ఏ మంత్రికీ ఉండదు. మొదట చిన్నగా కలిపాను. ఒక ముసలి యోధుడు చెట్టు కింద కూర్చుని యుద్ధ వ్యూహం చెబుతుంటే, "తోబుట్టువు పిలుపుకు వంకలు పెట్టేవాడు మనిషే కాదు" అంటున్నాడని చదివాను. మామ తల ఊపాడు. ధైర్యం వచ్చింది. ఇంకో సినిమాలో శత్రువు ముందు నిలబడి ఒకడు ప్రతిజ్ఞ చేస్తుంటే, "జరిగింది మర్చిపోదాం, నిన్ను క్షమించాను" అని చదివాను. ఆ వెంటనే వాడు ఎదుటివాడి తల తీసేశాడు.

మామ నా వైపు తిరిగాడు. "క్షమించినాక నరికినాడేమ్మే?"

"అది వాళ్ల పద్ధతి మామా."

అసలు దెబ్బ మూడోసారి తగిలింది. మంచు పడుతుండగా ముప్పై మంది ఒక ఇంటి ముందు నిలబడ్డారు. మాటలు లేని అక్కను పలకరించడానికి తమ్ముడు వచ్చాడని చెప్పాను.

"ఇంతమందా?"

"వాళ్లలో పలకరింపుకు ఇట్లే పోతారు మామా."

గేటు పగిలింది. కత్తులు లేచాయి. అరగంట సేపు ఆ ఇంట్లో ఎవర్నీ వదల్లేదు. ఏం చెప్పాలో తోచక అపార్థం జరిగింది అన్నాను. మామ కుర్చీలో వెనక్కి వాలి, ఎంతో తృప్తిగా అన్నాడు, "సూసినావా? పలకరించేకి పోతే ఇట్లుంటాది. అందుకే నేను యాడికీ పోను."

ఇంతలో మేమూ ఇల్లు కట్టుకున్నాం. ఓర్వకల్లు రోడ్డు వైపు, రెండు గదులు, ముందు కొంచెం జాగా. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాం. ఈసారి పుట్టింటి చీర నాకు రావాలి. తెచ్చేది అమ్మ. ఆదివారం పోయి అడిగాను. అమ్మ కూర తరగడం ఆపకుండానే చెప్పింది.

"ఇంటి పెద్ద వచ్చి పిలిస్తే వస్తా. మీ ఇంటి పెద్ద ఎవరో నీకు తెలుసు గదా. ఆయప్ప రాకుంటే నువ్వొచ్చి మా తలుపుకు బొట్టు పెట్టిపో. తలుపొస్తాది."

తొమ్మిదేళ్లు దాచుకుని తిరిగి ఇచ్చిన మాట అది. నవ్వొచ్చింది, తర్వాత బస్సులో ఏడుపొచ్చింది.

అప్పుడు మేం చూస్తున్నది గొడుగులవాడి సినిమా. ఇందులోనూ మొదటి సినిమాలో మాదిరే విందులో చాప దగ్గర అవమానంతో దొర చనిపోతాడు. ఆయన సమురాయ్ ఒకడు శత్రువు ఇంటి ఎదురుగా చిన్న గది తీసుకుని, గొడుగులు చేసి అమ్ముకుంటూ అవకాశం కోసం కనిపెట్టుకుని ఉంటాడు. ఏళ్లు గడుస్తాయి. ఎదురింటి మనిషి ఒక్కసారీ బయటికి రాడు. మామకు ఈ సినిమా మీద ప్రాణం. చేతిపని చేసేవాడు కదా. వెదురు చీల్చే పద్ధతిని కూడా మెచ్చుకున్నాడు. మూడోరోజు సరిగ్గా సగం దగ్గర ఆపి, అమ్మ చెప్పిన మాట ఆయనకు చెప్పాను.

"నన్ను పిలవకుండా తలుపును పిలిచినామెను, నేను పోయి పిలవల్లనా?" అన్నాడు. "మనిషికి నియ్యత్తు ఉండల్ల. అన్న మాట మీద నిలబడల్ల."

నాకు కోపం వస్తే ఎదురుగా ఎవరున్నారో కనపడదు. "నిలబడండి. మీరు ఒక పక్క నిలబడండి, మా అమ్మ ఒక పక్క నిలబడుతుంది, మధ్యలో నా ఇంట్లో పాలు పొంగకుండా నేను నిలబడతాను. మీకు పరువుంది, ఆమెకు పరువుంది. నాకేముంది మామా? నాకు అమ్మ కావాలి" అన్నాను. టీవీ ఆపేసి, "ఇంక చదవను. మీ సమురాయ్‌ల కర్మ వాళ్లది" అని లోపలికి పోయాను.

చదవలేదు. ఒక రోజు కాదు, ఎనిమిది రోజులు. మాలోనూ పగలుంటాయి మరి. మామ ఐదు గంటలకు టీవీ పెట్టుకుని, శబ్దం లేని ఆ బొమ్మల్ని ఒక్కడే చూసేవాడు. కొడుకును అడిగాడు ఒకసారి. మా ఆయన తండ్రి పక్షమూ వహించడు, మా అమ్మ పక్షమూ వహించడు. ఫోనులో ఎంత ఛార్జింగు ఉందో చూసుకుంటూ కాలం గడిపేస్తాడు. తండ్రి కోసం కూర్చుని, "వాడికి కోపమొచ్చింది నాయనా... ఇప్పుడు ఇంకా కోపమొచ్చింది" అని చదివి, పావుగంటలో నిద్రపోయాడు.

తొమ్మిదో రోజు నేను పప్పుకు పోపు పెడుతుంటే మామ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆయన వంటింటి వైపు రావడమే అరుదు.

"ఆ గొడుగులాయప్ప ఏమైనాడుమ్మే?"

నేను అప్పటికే చివరిదాకా చూసేశాను. "నందికొట్కూరు వస్తే చెబుతా" అన్నాను.

చాలాసేపు నిలబడ్డాడు. పోపు మాడింది. "వస్తా. మాట్లాడను. నువ్వు మాట్లాడు, నేను పక్కన ఉంటా" అన్నాడు. అక్కాతమ్ముళ్ల రక్తసంబంధం కదిలించలేనిది, పెద్దల బుద్ధులు కదిలించలేనిది, సగంలో ఆగిపోయిన సినిమా కదిలించింది. మనిషి ఏ మాటకు లొంగుతాడో కనిపెట్టడం కష్టం.

ఆదివారం బస్సెక్కాం. ఆయన ఉతికిన పంచె, భుజం మీద కండువా. నా చేతి సంచిలో పత్రికలు, కుంకుమ భరిణె. కర్నూలు దాటకముందే "చెప్పు" అన్నాడు. ఒప్పందం ప్రకారం చెప్పాలి. బస్సు ఇంజను మోతలో ఆయనకు వినపడాలంటే క్లాసు గొంతు సరిపోలేదు, ప్రార్థన సమయం గొంతు ఎత్తాను.

"పన్నెండేళ్లు గొడుగులు చేశాడు మామా! జుట్టు నెరిసింది! ఒకరోజు వాన! ఎదురింటి పనివాడు వచ్చి, మా అయ్యగారికి గొడుగు కావాలి, కొలత చూసుకోవడానికి లోపలికి రమ్మన్నాడు!"

ముందు సీట్లో ఇద్దరు రైతులు వెనక్కి తిరిగారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు.

"పోయినాడా?" అన్నాడు మామ.

"పోయినాడు! గొడుగులో కత్తి దాచుకుని పోయినాడు! లోపల ఆ శత్రువు మంచానపడి ఉన్నాడు! ముసలివాడైపోయాడు!"

"యా ఊరుమ్మా ఆ గొడుగులాయప్పది?" అని అడిగాడు ఒక రైతు. జపాన్ అని చెప్పాను. "ఓహో" అని, అది ఏ మండలమో తర్వాత కనుక్కుందామన్నట్టు తల ఊపి, "ఏమన్నాడు ఆ ముసలాయప్ప?" అన్నాడు.

"ఎవరు నాయనా నువ్వు అన్నాడు. ఇతను తన దొర పేరు చెప్పాడు. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంది, గుర్తు రావడంలేదు అన్నాడు. విందులో చాప మీద కూర్చోబెట్టిన సంగతి చెప్పాడు. ఏ చాప అన్నాడు."

ఈసారి నేను ఒక్క అక్షరం మార్చలేదు.

"గుర్తు లేనోన్ని ఏం నరుకుతాడప్పా. వాడు అప్పుడే సచ్చినాడు గదా" అన్నాడు కండక్టరు. రైతు ఒప్పుకోలేదు. "పన్నెండేండ్లు కాసుకున్నోని సంగతేమి మరి?" అన్నాడు. వాళ్లిద్దరూ వాదించుకుంటుండగా మామ కిటికీ వైపు తిరిగి, తనలో తను అన్నట్టు ఒక మాట అన్నాడు. తనలో తను అనుకునే మాట కూడా ఆయన గట్టిగానే అంటాడు కాబట్టి నాకు వినపడింది. "మర్సిపోయినోడు అదృష్టవంతుడు."

నందికొట్కూరులో దిగి, ఎండలో నడిచి పోయేసరికి అమ్మ వాకిట్లో చాట పట్టుకుని కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసింది. చాట ఆపలేదు. నాన్న గబగబా కుర్చీ తెచ్చి వేసి, తన పని అయిపోయినట్టు గోడ పక్కకు పోయి నిలబడ్డాడు. మామ కూర్చోలేదు. తొమ్మిదేళ్ల తర్వాత అక్కను చూస్తున్నాడు. ఆమె జుట్టు చూశాడు, చేతులు చూశాడు, కింద చెదిరిన పొట్టు చూశాడు.

మాటలు లేనివాళ్లు ఎదురుపడితే మూడో మనిషి ద్వారా మాట్లాడటం మా వైపు ఉన్నదే. అమ్మ నాతో అంది, "ఎందుకొచ్చినాడో అడుగు."

"మామా, ఎందుకొచ్చావని అడుగుతోంది!"

"పిలిచేకి వచ్చినానని చెప్పు."

ఇన్నాళ్లు టీవీ ముందు చేసిన పనే ఇక్కడా. నేను అమ్మ నుదుట బొట్టు పెట్టాను. పత్రిక మామ చేతికిచ్చాను. ఆయన రెండు చేతులతో చాచాడు. అమ్మ తీసుకోలేదు. చాటలోని కందుల వైపు చూస్తూ, నెమ్మదిగా నాతో చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ పొద్దు ఇంట్లో లేనని అందురికీ చెప్పుకుంటాండాడు గదా మీ మామ. తలుపుకు తాళం లేదు మ్మే. లోపల గడియ పెట్టుండె. కిటికీ సందులోనించి సూసినా. ఫ్యాను తిరుగుతాండె. మంచం మీద కాళ్లు కనపడినాయి. వాని కాళ్లు నాకు తెలీవా? అర్ధగంట కొట్టినా తలుపు. తమ్ముడా తమ్ముడా అని పిలిచినా. పక్కిండ్లోళ్లు బయటికొచ్చి సూస్తాండారు. సిగ్గుతో సచ్చిపోయి, తలుపుకు బొట్టు పెట్టి వచ్చేసినా. ఇంటికొచ్చి, వాడు ఇంట్లో లేడని చెప్పినా. మీ నాయనక్కూడా అదే చెప్పినా."

నాన్న గోడ దగ్గర నుంచి ఇవతలికి వచ్చాడు. ఆయనకీ ఇదే వినడం.

ఆ ఒక్క మాట బయటపెట్టి ఉంటే, చుట్టాలంతా అమ్మ పక్షం వచ్చేవాళ్లు. ఇంట్లో ఉండీ అక్కకు తలుపు తీయని తమ్ముడని మామను నలుగురూ వెలివేసినట్టు చూసేవాళ్లు. అమ్మ ఆ మాట తొమ్మిదేళ్లు మింగి, ఆగలేని ఆడమనిషన్న నింద తను మోసింది. తమ్ముడి మీద పగ పట్టింది, తమ్ముడి పేరు మాత్రం కాపాడింది. నేను ఏడాదిగా చూసిన సినిమాల్లో ఇంత నియ్యత్తు ఉన్న మనిషి ఒక్కరూ తగల్లేదు.

మామ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. అమ్మ ఆయనకు ఎడమవైపు ఉంది. చాట కింద పెట్టింది. లేచింది. పంతం పక్కనపెట్టి, నేరుగా ఆయన మొహంలోకి చూసి అడిగింది.

"ఎందుకు తియ్యలేదురా?"

"వినపళ్లేదక్కా" అన్నాడు మామ.

ఆమె గొంతు పెంచింది. "ఎందుకు తియ్యలేదురా తలుపు?"

"వినపళ్లేదక్కా."

అమ్మకు కోపం నషాళానికెక్కింది. కండువా పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో అరిచింది. "ఆ పొద్దు అర్ధగంట కొట్టుకుంటే తలుపు ఎందుకు తియ్యలేదురా అని అడుగుతాండా!"

మామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అదే చెప్తాండాక్కా. వినపళ్లేదు."

మొదటిసారే ఆయనకు పెదాలు చూసి ప్రశ్న అర్థమైందని, మొదటిసారే జవాబు చెప్పాడని అప్పుడు తెలిసింది మాకు. వయసు మీద పడి ఈ మధ్యే వినికిడి తగ్గిందని మేమందరం అనుకుంటూ వచ్చాం. అప్పటికే పోయిందట. ముప్పై ఏళ్ల తూటాల మోత. సైరన్ వినపడక, పక్కవాళ్ల పరుగు చూసి తను పరుగెత్తేవాడట.

"తెలిస్తే తూటాల కాడికి రానియ్యరక్కా. ఎవురికీ చెప్పలేదు. లేచి చూస్తే తలుపు మీద బొట్టుండాది. నువ్వొచ్చి పిలిచి పోయినావని తెలిసె. ఇంట్లోనే ఉన్నా, చెవుడు, వినపళ్లేదు అని ఏ మొగంతో చెప్పేది? కోపమని చెప్పుకుంటే సులువైపాయె. రోజులు గడిచేకొద్దీ ఇంగ చెప్పేకి కాలేదు."

అమ్మ ఆయన భుజం మీద అరచేత్తో ఒక్కటేసింది. ఇంకొకటేసింది. తర్వాత కండువా వదలకుండానే నిలబడి ఏడ్చింది. ఏడుపులో ఏదో అంది, నాకే సరిగా వినపడలేదు. మామ నా వైపు తిరిగి, "ఏమంటాండాది?" అన్నాడు. చెప్పబోయాను. అమ్మ చేయి ఊపి నన్ను ఆగమంది.

మాటలు లేని ఇంట్లో మా వాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. అమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, ఆయన చేతిలోని పత్రిక తీసుకుని, కుడి చెవి వైపు తిరిగి, గట్టు అవతలి మనిషిని పిలిచినంత గట్టిగా అడిగింది.

"అన్నం తింటావా?"

వీధి వీధంతా విన్నది. మా మామ కూడా విన్నాడు.